నెల్లూరు నుంచి గండికోట ట్రిప్: పెన్న వెంబడి ఎదురు పోండి

మీరు అడిగింది ఇదీ కదా, నెల్లూరు నుంచి కారులో అమ్మానాన్న, ఇద్దరు పిల్లల్తో మూడు రోజులు, గండికోట లోయ చూడాలి, దాంతో పాటు గుళ్ళూ కోటలూ కూడా కలిసిరావాలి, ఏ నెల మంచిది, పెద్దోళ్ళు నడవగలరా, బేలం గుహలు కలుపుకోవచ్చా, వచ్చేటప్పుడు వేరే దారి ఏమన్నా ఉందా అని. మాది ఆత్మకూరు దగ్గర, మా నాన్నకి మోకాళ్ళ నొప్పి, అయినా ఆయన్ని తీసుకుని ఇదే రూట్లో పోయొచ్చినాం కాబట్టి కాస్త వివరంగానే చెప్తా, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక మాట. చాలామంది గండికోట అంటే రాత్రంతా డ్రైవ్ చేసి తెల్లారేసరికి లోయ అంచు మీద నిలబడి నాలుగు ఫోటోలు తీసుకుని మధ్యాహ్నానికి తిరిగి బయల్దేరిపోతా ఉంటారు. బెంగళూరు నుంచి వచ్చేవాళ్ళకి అది సరిపోద్దేమో గానీ మన నెల్లూరోళ్ళు మాత్రం అట్టా పోకూడదు అంటాన్నేను. ఎందుకంటే ఆ లోయని కోసింది మన పెన్నే. రంగనాయకుల గుడి వెనకాల మనం రోజూ చూసే నది, బ్యారేజీ దగ్గర సాయంత్రం గాలి కోసం పోయి కూర్చునే నది. కర్ణాటకలో నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు నడిచి మన దగ్గర సముద్రంలో కలుస్తుంది. దారిలో గండికోట దగ్గర ఎర్రమల కొండల్ని కోసుకుని వస్తుంది, కడప దాటే చోట నల్లమలకీ పాలకొండలకీ మధ్య సందులోంచి వస్తుంది, చివరగా మన సోమశిల దగ్గర వెలికొండల్ని చీల్చుకుని నెల్లూరు మైదానంలోకి దిగుతుంది. అంటే మీరు ఒక్క లోయ కోసం కాకుండా నదికి ఎదురు నడుస్తా పోతే మూడు చోట్ల కొండని నీళ్ళు ఎట్టా జయించాయో చూస్తారు, గుళ్ళూ కోటలూ అన్నీ కూడా ఆ ఒడ్డునే దొరుకుతాయి, విడిగా వెతుక్కోనక్కర్లేదు. నా ప్లాన్ అంతా దీని మీదే.

రోడ్డు కూడా దాదాపు దీనికే వేసినట్టు ఉంటుంది. కృష్ణపట్నం నుంచి బళ్ళారి వైపు పోయే 67 నంబర్ నేషనల్ హైవే పట్టుకుంటే నెల్లూరు, ఆత్మకూరు, మర్రిపాడు, బద్వేలు, మైదుకూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు. జమ్మలమడుగు నుంచి గండికోట ఇంకో 15 కిలోమీటర్లు. మొత్తం రెండొందల కిలోమీటర్లు అటూ ఇటూ, ఆగకుండా పోతే నాలుగైదు గంటలు. ఆగకుండా పోవద్దనే నేను చెప్పేది.

మొదటి రోజు పొద్దున్నే ఆరింటికల్లా బయల్దేరండి. ఆత్మకూరులో టిఫిన్ చేసి అనంతసాగరం మీదుగా సోమశిల వైపు తిరగండి. డ్యామ్ సుమారు 78 టీఎంసీల ప్రాజెక్టు, మన డెల్టా పొలాలకి పోయే నీళ్ళన్నీ ఇక్కడివే. పిల్లలకి చూపించేటప్పుడు డ్యామ్ గేట్లు మాత్రమే కాదు, రెండు వైపులా కొండలు ఎంత దగ్గరికి వచ్చాయో చూపించండి, నది సరిగ్గా ఆ సందులోంచే బయటికి వస్తుంది, డ్యామ్ ఇక్కడే కట్టడానికి కారణం అదే. ఒడ్డున సోమేశ్వరుడి గుడి ఉంది, మీ అమ్మగారికి దర్శనం అయిపోతుంది. ఆ నీళ్ళ వెనకాల కడప జిల్లా వైపు ఊళ్ళు ఎన్నో మునిగిపోయినాయి, మన వరి అన్నం వెనకాల వాళ్ళ ఇళ్ళు ఉన్నాయన్న సంగతి పిల్లలకి ఒకసారి చెప్పండి, తెలుసుకోవాల్సిన విషయం.

అక్కడ్నుంచి వెనక్కొచ్చి మళ్ళీ హైవే ఎక్కి కొండలు దాటితే బద్వేలు. బద్వేలుకీ మైదుకూరుకీ మధ్యలో పక్కకి పోతే బ్రహ్మంగారి మఠం, వీరబ్రహ్మేంద్రస్వామి జీవసమాధి ఉన్న చోటు. పెద్దోళ్ళు ఉన్నారు కాబట్టి వాళ్ళు కచ్చితంగా అడుగుతారు, మా అమ్మ అయితే గండికోట కన్నా ముందు ఇదే అడిగింది. మధ్యాహ్నం భోజనానికి ప్రొద్దుటూరు చేరండి. బంగారం కొట్లకీ బట్టల కొట్లకీ పేరున్న ఊరు, ఇంట్లోవాళ్ళు షాపింగ్ అంటే మాత్రం ఇప్పుడు కాదు అని గట్టిగా చెప్పండి, ఎందుకంటే సాయంత్రం నాలుగింటికల్లా గండికోటలో ఉండాలి.

ఇప్పుడు అసలు చోటు. కోట ద్వారం దాటి లోపలికి పోగానే మీకు ముందు కనపడేది ఊరు. అవును, కోట లోపల ఇప్పటికీ జనం కాపురం ఉంటున్నారు, బర్రెలు కట్టేసుంటాయి, ముసలోళ్ళు అరుగుల మీద కూర్చునుంటారు, వాళ్ళ ఇళ్ళ ముందు నించే మీరు నడుస్తారు. కాబట్టి హారన్లు కొట్టుకుంటా, కెమెరాలు మొహాల మీద పెట్టుకుంటా పోవద్దు. కాస్త పలకరిస్తే వాళ్ళే దారి చెప్తారు, ఏ బురుజు మీద నుంచి ఏం కనపడుతుందో చెప్తారు.

స్థలచరిత్ర ప్రకారం కోట 1123లో కాకరాజు అనే ఆయన మొదలుపెట్టాడంటారు, తర్వాత పెమ్మసాని నాయకులు తరాల తరబడి ఏలారు, విజయనగర రాజులకి కుడిభుజం లాంటివాళ్ళు. చివరికి 1650 ప్రాంతంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతికి చిక్కింది. వజ్రాల వ్యాపారి టావెర్నియర్, ఫ్రాన్సు దేశస్థుడు, 1652లో మీర్ జుమ్లాని కలవడానికి ఇక్కడికొచ్చి ఈ కోట గురించి రాసుకున్నాడు. లోపల మాధవరాయస్వామి గుడి, రంగనాథస్వామి గుడి, జామా మసీదు, ధాన్యాగారం, జైలు, పావురాల గోపురం, కత్తుల కోనేరు, రాయల చెరువు అన్నీ ఒకదానికొకటి దగ్గర్లోనే ఉంటాయి. గుడిలో ఇప్పుడు నిత్యపూజలు లేవు, పూజ చేయించాలని పూలూ కొబ్బరికాయలూ పట్టుకెళ్ళొద్దు. కానీ ఆ మాధవరాయస్వామి గోపురం కింద రెండు నిమిషాలు నిలబడి తలెత్తి చూడండి, తర్వాత మండపంలో స్తంభాలని ఒక్కొక్కటీ చూస్తా పోండి. ధాన్యాగారంలోకి పోతే లోపల కమాను కప్పు, ఎండాకాలం కూడా చల్లగా ఉంటుంది, మా పిల్లలు అక్కడ కేకేసి ప్రతిధ్వని వింటా బయటికి రాలేదు. ముట్టడి అయితే నెలల తరబడి తినడానికి తిండి ఇక్కడ దాచుకునేవాళ్ళని చెప్తే అప్పుడు వాళ్ళకి కోట అంటే ఏందో అర్థమైంది.

మసీదు దాటి ముందుకి పోతే నేల కాస్తా రాళ్ళ గుట్టగా మారుతుంది, ఆ రాళ్ళ మీద నాలుగడుగులు వేసి ఎక్కితే ఒక్కసారిగా కిందంతా ఖాళీ. సుమారు 300 అడుగుల లోతు. ఫోటోల్లో చూసింది వేరు, అక్కడ నిలబడితే వచ్చే గాలి వేరు. ఆ రాయిని దగ్గరగా చూడండి, ఎర్రగా, అడ్డంగా పొరలు పొరలుగా, నిలువునా పగుళ్ళతో, ఎవరో పెద్ద పెద్ద ఇటుకలు పేర్చినట్టు చతురస్రాలుగా ఉంటుంది. అది మనిషి చెక్కింది కాదు. వంద కోట్ల ఏళ్ళకి పైబడిన పాత ఇసకరాయి అది, ఒత్తిడికి గట్టిపడిపోయింది, కడప బేసిన్ రాళ్ళు అని జియాలజీ వాళ్ళు చెప్పేవి ఇవే. పొరలు అడ్డంగా ఉండి పగుళ్ళు నిలువుగా ఉండటం వల్ల నది కింద నించి కోసుకుంటా పోతా ఉంటే అంచులు ఏటవాలుగా జారిపోకుండా దిమ్మెలు దిమ్మెలుగా విరిగిపడతాయి, అందుకే గోడ నిట్టనిలువుగా మిగిలింది. కోట కట్టినోళ్ళకి ఒక పక్క గోడ కట్టే పనే తప్పిపోయింది. మిగతా పక్కల ప్రాకారానికి కూడా ఇదే రాయి వాడారు, అందుకే దూరం నుంచి చూస్తే కొండ ఎక్కడ ఆగి కోట ఎక్కడ మొదలైందో కనుక్కోవడం కష్టం.

ఇక్కడ ఒక్కటి గట్టిగా చెప్తున్నా, దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. అంచు మీద రెయిలింగ్ ఉంటుందని నమ్ముకుని పోవద్దు. గాలి ఒక్కసారిగా తోస్తుంది, రాళ్ళు కొన్ని కదులుతాయి, వానలో జారతాయి. పిల్లల చెయ్యి వదలొద్దు, సెల్ఫీ కోసం వెనక్కి నడవొద్దు, గ్రిప్ ఉన్న బూట్లు వేసుకోండి, చీకటి పడ్డాక అంచు దగ్గర తిరగొద్దు. మా అమ్మ భయపడి ఇరవై అడుగులు ఇవతలే ఒక బండ మీద కూర్చుండిపోయింది, అక్కడ్నుంచి కూడా లోయ బాగానే కనపడింది, కాబట్టి పెద్దోళ్ళని అంచుకి రమ్మని బలవంతం చేయక్కర్లేదు. మీ నాన్నగారి సంగతికొస్తే, కోట లోపల నడక చదునుగానే ఉంటుంది, ఆ చివరి రాళ్ళ గుట్ట ఒక్కటే కష్టం. మా నాన్న చేతికర్రతో మెల్లగా ఎక్కేశాడు, రాలేనంటే మసీదు మెట్ల మీద కూర్చున్నా కాలక్షేపమే.

లోయలో నీళ్ళు ఎప్పుడుంటాయి అంటే, ఇప్పుడు అది పూర్తిగా నది ఇష్టం కాదు, డ్యాముల లెక్క. గండికోట రిజర్వాయర్ ఉంది, 26.85 టీఎంసీలది, గాలేరు-నగరి పథకంలో భాగం, దాని కోసం తాళ్ళప్రొద్దుటూరు లాంటి ఊళ్ళు ఖాళీ చేయించారు. కింద మైలవరం డ్యామ్ ఉంది. వీటిల్లో నీళ్ళున్నంత కాలం లోయ కళగానే ఉంటుంది. వానాకాలం పోయిన తర్వాత అయితే పచ్చదనం కూడా ఉంటుంది.

నెల సంగతి. ఏప్రిల్, మే నెలల్లో అసలొద్దు, కడప జిల్లా ఎండ గురించి మనకి తెలియంది కాదు, ఆ రాళ్ళు సెగ కక్కుతా ఉంటాయి, పెద్దోళ్ళకి ప్రమాదం. అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది అని అందరూ చెప్తారు, నిజమే, కానీ మన వైపు నుంచి పోయేవాళ్ళు అక్టోబర్, నవంబర్, డిసెంబర్ మొదటి రోజుల్లో వాయుగుండాలు చూసుకోవాలి. 2021 నవంబర్ గుర్తుంది కదా, చెయ్యేరు మీద అన్నమయ్య డ్యామ్ తెగి, పెన్నకి వరదొచ్చి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయి, హైవే మీద బండ్లు ఆగిపోయినాయి. కాబట్టి నన్నడిగితే డిసెంబర్ ఆఖరు నుంచి ఫిబ్రవరి నడిమధ్య దాకా. సంక్రాంతి సెలవులూ, శని ఆదివారాలూ మాత్రం జనం బాగా ఉంటారు, గండికోట ఉత్సవాలు పెట్టిన ఏడాది అయితే ఇంకా ఎక్కువ. వీలైతే వారం మధ్యలో పెట్టుకోండి.

రాత్రి బస అక్కడే చేయండి, ఇది మాత్రం వదులుకోవద్దు. టూరిజం వాళ్ళ హరిత హోటల్ కోటకి దగ్గర్లోనే ఉంది, గదులు తక్కువ కాబట్టి ముందే ఆన్‌లైన్లో బుక్ చేసుకోవాలి. టెంట్లు కూడా ప్రైవేటు వాళ్ళు అద్దెకిస్తారు, కుర్రాళ్ళకి బాగుంటుంది గానీ పెద్దోళ్ళకి నేల మీద పడుకుని లేవడం కష్టం, బాత్రూం ఇబ్బంది. గది దొరక్కపోతే జమ్మలమడుగులో గానీ ప్రొద్దుటూరులో గానీ లాడ్జిలు ఉన్నాయి, కానీ అప్పుడు తెల్లారకముందే లేచి రావాలి. ఎందుకంటే సాయంత్రం చూసిన లోయ వేరు, సూర్యోదయం అప్పుడు చూసేది వేరు. పొద్దున ఎండ ముందు పై అంచుకి తగిలి ఎర్రటి గీతలా కనపడి, అది మెల్లగా గోడ వెంబడి కిందికి దిగుతా నీళ్ళ దాకా పోతుంది, దానికి గంట పడుతుంది, ఆ గంట ఫోన్ జేబులో పెట్టుకుని చూడండి.

తిండి విషయంలో కోట దగ్గర పెద్దగా ఆశ పెట్టుకోవద్దు, మంచినీళ్ళు కూడా చాలినన్ని కారులో ఉంచుకోండి. నెల్లూరు నుంచి పులిహోర, కాసిని పులిబొంగరాలు, మలై కాజా డబ్బా కట్టుకోండి. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు పొద్దున పూట ఉగ్గాని బజ్జీ, కారం దోశ తప్పకుండా తినండి, మధ్యాహ్నం రాగి సంగటి నాటుకోడి పులుసు దొరికితే ఇంకేం కావాలి.

రెండో రోజు బేలమా తాడిపత్రా అన్నది మీరు తేల్చుకోవాలి, రెండూ కుదరవని కాదు గానీ పెద్దోళ్ళతో పరిగెత్తడం బాగోదు. బేలం గుహలు కొలిమిగుండ్ల మండలంలో, ఇప్పుడు నంద్యాల జిల్లా. 3229 మీటర్ల పొడవు కొలిచారు, అందులో సగం దాకా మనల్ని పోనిస్తారు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే జియాలజిస్ట్ వీటి గురించి రాశాడు, 1980ల్లో జర్మన్ల బృందం లోపలంతా కొలిచింది, 2002లో టూరిజం వాళ్ళు తెరిచారు. లైట్లు బాగా పెట్టారు, అన్నిటికన్నా లోతైన పాతాళగంగ దగ్గర నీళ్ళు పారతా రాళ్ళల్లోకి మాయమైపోతాయి, పిల్లలకి పండగే. కానీ లోపల ఉక్కపోత ఎక్కువ, మెట్లు దిగాలి, కొన్ని చోట్ల వంగి నడవాలి. మోకాళ్ళ నొప్పులున్నోళ్ళకి, ఆయాసం ఉన్నోళ్ళకి నేను చెప్పను.

నేనైతే తాడిపత్రికే ఓటేస్తా. ముద్దనూరు మీదుగా అదే హైవేలో, పెన్నకి ఇంకా పైకి పోతాం, అనంతపురం జిల్లా. నది ఒడ్డునే బుగ్గ రామలింగేశ్వరుడి గుడి, లింగం దగ్గర నీళ్ళు ఊరతానే ఉంటాయి, అందుకే బుగ్గ అన్నారు. కట్టించింది మళ్ళీ ఆ పెమ్మసాని వాళ్ళే, అంటే నిన్న కోట చూసినోళ్ళు ఈరోజు వాళ్ళ గుడి చూస్తారన్నమాట. దీని గోపురాలు రెండూ పూర్తి కాలేదు, కింద రాతి భాగం వరకే ఉంటాయి, కానీ ఆ రాతి భాగం మీద వేలెడంత ఖాళీ వదల్లేదు. మీరు మొహం దగ్గరగా పెట్టి చూడండి, తీగల అంచులు, నర్తకుల కాలి అందెలు, చిలకల ముక్కులు, ఒక్కోటీ గోరంత. మా నాన్న ఒక మూల నిలబడి అరగంట కదల్లేదు, పిలిస్తే ఉండరా అన్నాడు. తర్వాత ఊళ్ళోనే చింతల వెంకటరమణ స్వామి గుడి, అక్కడ గరుడ మండపం రాతి రథం లాగా ఉంటుంది, నిత్యపూజలు జరిగే గుడి కాబట్టి మధ్యాహ్నం మూసే టైముకి ముందే చేరండి. హంపి చూసొచ్చిన వాళ్ళు కూడా తాడిపత్రి చూడకుండా ఉంటారు, దగ్గర్లో ఇంత పనితనం ఉందని చాలామందికి తెలియకపోవడం నాకు నిజంగా బాధ.

రాత్రికి కడప చేరి పడుకోండి. మూడో రోజు తిరుగు ప్రయాణం వేరే దారిలో. పొద్దున్నే పుష్పగిరి, వల్లూరు మండలంలో పెన్న ఒడ్డున, కడపకి పదహారు కిలోమీటర్లు. శంకర పీఠం ఉన్న చోటు, ఊళ్ళో వైద్యనాథేశ్వరుడు, నది అవతల చెన్నకేశవుడు, ఆ గుడి గోడల మీద పురాణ కథలు వరసగా చెక్కారు. తర్వాత ఒంటిమిట్ట కోదండరాముడు. సీతారామలక్ష్మణులు ఒకే శిలలో, గర్భగుడిలో హనుమంతుడు లేడు, రాష్ట్రం విడిపోయాక ప్రభుత్వం తరఫున శ్రీరామనవమి ఇక్కడే చేస్తున్నారు. ఇందాక చెప్పిన టావెర్నియర్ ఈ గుడిని కూడా చూసి మెచ్చుకున్నాడు.

అక్కడ్నుంచి కాస్త వెనక్కొచ్చి భాకరాపేట దగ్గర సిద్ధవటం రోడ్డు పట్టుకోండి. సిద్ధవటం కోట మట్లి రాజులది, కోట పక్కనే పెన్న, జనం తక్కువ, ప్రశాంతంగా ఉంటుంది. సిద్ధవటం నుంచి బద్వేలు దాకా రోడ్డుకి పక్కనే లంకమల అడవి. కలివికోడి పేరు విన్నారా, ప్రపంచంలోనే అరుదైన పక్షి, 1900 తర్వాత ఎవరికీ కనపడకపోతే ఇక లేదనే అనుకున్నారు, 1986లో ఈ అడవి వైపే మళ్ళీ దొరికింది. రాత్రి పూట తిరిగే పక్షి, మీకు కనపడుతుందని కాదు, కానీ ఆ ముళ్ళపొదల మధ్య ఖాళీ నేలలే దానికి ఇల్లు, పనికిరాని చిట్టడవి అని మనం అనుకునేది అదే. పిల్లలకి కారు అద్దంలోంచి చూపించండి. ఎర్రచందనం కూడా ఈ కొండల్లోనే సహజంగా పెరుగుతుంది, అందుకే చెక్‌పోస్టులు ఉంటాయి, బండి ఆపి అడవిలోకి దిగొద్దు, చీకటి పడేలోపు బద్వేలు దాటేయండి.

ఇంకో దారి కూడా ఉంది, ఒంటిమిట్ట నుంచి రాజంపేట, చిట్వేలు, రాపూరు ఘాట్ మీదుగా పెంచలకోన చూసుకుని పొదలకూరు మీద నుంచి నెల్లూరు. ఘాట్ చాలా అందంగా ఉంటుంది, నరసింహస్వామి దర్శనం కూడా అవుతుంది, కానీ సిద్ధవటం, లంకమల పోతాయి. ఒంటిమిట్టలో మధ్యాహ్నం పన్నెండు లోపు బయటపడితేనే ఇది పెట్టుకోండి, ఘాట్ రోడ్డులో రాత్రి డ్రైవింగ్ వద్దు.

కారు లేనివాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, నెల్లూరు నుంచి బద్వేలు మీదుగా ప్రొద్దుటూరు వైపు ఆర్టీసీ బస్సులు చూసుకోండి, జమ్మలమడుగు నుంచి ఆటో మాట్లాడుకోవచ్చు, తిరిగి రావడానికి కూడా అదే ఆటో అతన్ని మాట్లాడి పెట్టుకోండి, సాయంత్రం పూట పైన బండ్లు దొరకడం కష్టం. కనిగిరి, పామూరు వైపు వాళ్ళు నెల్లూరు దాకా రానక్కర్లేదు, పామూరు నుంచి నేరుగా బద్వేలు పోవచ్చు, పనిలో పనిగా సీఎస్ పురం మండలంలో భైరవకోన, కొండలో తొలిచిన ఎనిమిది శివాలయాలు చూసుకుని పోతే ఇంకా మంచిది. మీరు ఏ తేదీల్లో అనుకుంటున్నారో చెప్తే సోమశిలలో అప్పటికి నీళ్ళు ఎట్టా ఉన్నాయో మా వాళ్ళని అడిగి చెప్తా.